నీటి వంతుల పుస్తకంలో గడ్డిపరకలు

ముందు పోయినవాటి లెక్క చెబుతాను. ఎకరం ఇరవై సెంట్ల దాళ్వా వరి, పాలు పోసుకునే దశలో. దాని మీద రావలసినవి పద్దెనిమిది బస్తాలు. వచ్చినవి ఐదు, అందులోనూ తాలు ఎక్కువ. కాబట్టి పదమూడు బస్తాలు పోయినట్టు. రెండు వందల పన్నెండు పేజీల పాత పుస్తకం ఒకటి. మా కాలువ మీద ఒక బడిపంతులుకి ఉన్న మంచి పేరు. మొదటిది ఎండకు పోయింది. రెండోది గోదావరిలో పోయింది. మూడోది నా నోటివల్ల పోయింది. మూడింటికీ కారణం నేనేనని ఇన్నాళ్ళూ ఎవరికీ చెప్పలేదు.

ఇప్పుడు నాకు యాభై నాలుగేళ్ళు. అప్పుడు ముప్ఫై ఆరు. యానాంలో ఫ్రెంచివాళ్ళ జెండా దిగి ఏడాదో రెండేళ్ళో అయింది. నేను బడికి మూడో తరగతి దాకానే వెళ్ళాను. లెక్కలు రేవులో నేర్చుకున్నాను. పడవల్లోంచి ధాన్యం బస్తాలు దించుతుంటే పక్కన నిలబడి, దింపిన ప్రతి బస్తాకీ గోడ మీద బొగ్గుతో గీత గీసేవాణ్ణి. తరవాత కూడికలు, తీసివేతలు, చివరికి భిన్నాలు కూడా ఎవరూ చెప్పకుండానే పట్టుబడ్డాయి. ఊళ్ళో అందరూ నన్ను లెక్కలాయన అనేవారు. ఆ మాట వినడం నాకు ఇష్టం. అది మరొకరికి దక్కుతుందని అనుకోలేదు.

మా పంటకాలువ ఎగువ నుంచి, ఆంధ్రా వైపు నుంచి వస్తుంది. సార్వాకి, అంటే వానాకాలం పంటకి, నీళ్ళకు కొదవ లేదు. దాళ్వాకి, ఆ తరవాతి రెండో పంటకి, మాత్రం వంతుల మీదే ఇస్తారు. ఫలానా చేనుకి ఫలానా రోజు ఇన్ని గంటలు అని లెక్క. అడవిపొలం ఊరి శివారు చేలకి వంతు చివర వస్తుంది. అది తప్పితే మళ్ళీ వచ్చేదాకా నేల బీటలు వారుతుంది. ఈ వంతులన్నీ ఒక పుస్తకంలో ఉండేవి. చేనుకో పేజీ. పేజీ పైన రైతు పేరు, విస్తీర్ణం, వంతు. కింద రోజువారీ మార్పులు. ఎందుకంటే రైతులు వంతులు బదులిచ్చుకునేవారు. ఒకరికి నాట్లు ముందు, ఒకరికి వెనక. అవసరం లేనివాళ్ళు ఉన్నవాళ్ళకి నాలుగు గంటలో ఐదు గంటలో ఇచ్చి, తమకు కావలసినప్పుడు తిరిగి తీసుకునేవారు.

ఆ బదుళ్ళ విషయంలో మా కాలువ మీద ఒక ఆచారం ఉండేది. బదులు ఇచ్చినవాళ్ళ పేజీలోనే రాసేవారు. పుచ్చుకున్నవాళ్ళ పేజీలో రాయడం చిన్నతనంగా ఎంచేవారు. పేరున్న రైతు పేజీలో ‘నీళ్ళు బదులు పుచ్చుకున్నాడు’ అన్న వరస పడితే ఆ ఇంటికి తలవంపులు. అందుకని ఒక బదులుకి ఒకే వరస, ఒకే చోట.

పుస్తకం దగ్గర కూర్చునేది ఒక ముసలి గుమాస్తా. తూము పక్కన తాటాకు పాకలో, బల్ల మీద పుస్తకం, పక్కన టైంపీసు. తెల్లవారి ఆరింటి నుంచి చీకటి పడేదాకా రైతులు వచ్చి చెబుతుంటే రాసేవాడు. ఆయన కళ్ళకి పొరలు కమ్ముతున్నాయి. ఏడేళ్ళుగా వారానికోసారి ఆయన పుస్తకంలో గంటల మొత్తాలు వేసి పెట్టేది నేనే, ఉచితంగా. ఆయన దిగిపోతే ఆ బల్ల ముందు కూర్చునేది నేనేనని ఊరంతా అనుకునేది. నేను ఊరికంటే ఎక్కువ అనుకునేవాణ్ణి.

ఆ దాళ్వాకి పాక ఒక పక్కకు ఒరిగింది. కాలువ సంఘం ప్రెసిడెంటుగారు ఫరంపేటలో ఇటుకల గది ఒకటి కట్టించి, పుస్తకం అక్కడికి మారుద్దామన్నారు. పాత పుస్తకం కుట్టు ఊడిపోయింది, అంచులు చెదలు తిన్నాయి. కాకినాడ నుంచి అట్టవేసిన పెద్ద పుస్తకం తెప్పించారు. పాతదంతా కొత్తదానిలోకి ఎత్తి రాసే పని నాకిచ్చారు. ఆ పని సరిగ్గా చేసినవాడికే కొత్త గదిలో కుర్చీ అని అందరి ముందూ అన్నారు. చిక్కల్లా ఒకటే. రాసే రోజుల్లో పాత పుస్తకం ఆగదు. నీళ్ళు ఆగవు, బదుళ్ళు ఆగవు.

పన్నెండు రోజుల్లో మొత్తం ఎత్తి రాశాను. సరిచూద్దామని మొదటి నుంచి తిప్పితే తొమ్మిదో పేజీ మారిపోయి ఉంది. నేను నూట పదో పేజీ రాస్తుండగా ముసలాయన అందులో కొత్త వరసలు వేశాడన్నమాట. మళ్ళీ మొదటి నుంచి సరిచూశాను. దానికి నాలుగు రోజులు పట్టింది. ఆ నాలుగు రోజుల్లో ఇంకొన్ని మారాయి. ఏవి మారాయో తెలియాలంటే రెండు వందల పన్నెండూ చూడాలి. చూసేసరికి వేరేవి మారతాయి. నా నీడను నేనే తొక్కబోతున్నట్టుండేది. నెల గడిచింది.

ప్రెసిడెంటుగారు ఒక సాయంత్రం పాకకి వచ్చారు. వెంట కనకాలపేట బడిలో లెక్కలు చెప్పే మేష్టారు. పాతికేళ్ళు ఉండవు. ఫ్రెంచి బడిలో చదివినవాడు, ఆదివారాలు చర్చికి ప్రార్థనలకు వెళ్ళే కుటుంబం. జేబుకి సిరా కలం.

“ఏమయ్యా, నెలైంది. రెండు పుస్తకాలూ ఒకటయ్యాయా?” అన్నారు ప్రెసిడెంటుగారు నాతో.

“ఇంకొక్కసారి సరిచూస్తే అయిపోద్దండి.”

“పోయిన పక్షం కూడా ఇదే చెప్పావు. మేష్టారూ, మీరు కూర్చోండి.”

ఉన్న ఒక్క కుర్చీ ఆయనకిచ్చారు. నేను బస్తా మీద కూర్చున్నాను. ఆ ఒక్క సాయంత్రం ప్రెసిడెంటుగారు ఆయన్ని ‘మీరు’ అని పద్నాలుగుసార్లు అన్నారు. నన్ను ‘నువ్వు’ అని తొమ్మిదిసార్లు. కాఫీ ఆయనకి గాజుగ్లాసులో వచ్చింది, నాకూ ముసలాయనకూ ఇత్తడి లోటాల్లో. లోటాలో కాఫీ ఎక్కువ పడుతుంది, ఆ సంగతి నాకు తెలుసు. అయినా నా కళ్ళు గాజుగ్లాసు మీదే ఉన్నాయి.

మేష్టారు నా కష్టమంతా విన్నాడు. పుస్తకం తిరగెయ్యలేదు. కింద పరిచిన గడ్డిలోంచి ఒక పరక తీసి వేలికి చుట్టుకుంటూ అన్నాడు.

“గుమాస్తాగారు ఏ పేజీలో కలం పెడితే ఆ పేజీలో ఒక పరక పెట్టమందామండి, కొస బయటికి కనిపించేలాగ. మీరు పరక ఉన్నవే ఎత్తి రాసుకోండి. లేనివాటి జోలికి వెళ్ళక్కర్లేదు. మొదటిసారి అన్నీ సరిచూసి రాయక తప్పదు. రెండోసారి తక్కువుంటాయి, మూడోసారి ఇంకా తక్కువ. ఆఖర్న నాలుగో ఐదో మిగిలినప్పుడు ఒక్క గంట పుస్తకం మూసేస్తే సరిపోతుంది.”

ముసలాయన పగలబడి నవ్వాడు. “ఏమోయ్ లెక్కలాయనా, ఈ పాక నిండా ఏడేళ్ళుగా గడ్డే గదా. మనిద్దరికీ తట్టలేదు చూశావా?”

ఆ నవ్వు నాకు ఇప్పటికీ వినిపిస్తుంది. ఏడేళ్ళు నేను ఆయనకి మొత్తాలు వేసిపెట్టాను. అన్నేళ్ళలో నా లెక్క చూసి ఆయన అలా నవ్వలేదు. ఇంటికి వెళ్ళే దారంతా ఆ ఉపాయంలో తప్పు వెతికాను. గాలికి పరక ఎగిరిపోతే? పుస్తకం మధ్యలో నొక్కుకుని ఉంటుంది, ఎగరదు. ముసలాయన పెట్టడం మరిచిపోతే? పరకల కట్ట పుస్తకం మీదే ఉంచితే మరిచిపోడు. తప్పు దొరకలేదు. దొరకనందుకు ఒళ్ళు మండింది. అంత చిన్న ఉపాయం, పది లెక్కలు వచ్చినవాడికి ఎవరికైనా రావలసింది, నాకు రాకుండా ఆయనకి రావడం ఏమిటి?

మర్నాడు మేష్టారు బడికి వెళుతూ పాక దగ్గర ఆగాడు.

“ఒక్క మాటండి. పేజీ చదవబోయే ముందే పరక తీసెయ్యండి. రాశాక తియ్యకండి. ఎందుకంటే…”

“నాకు తెలుసు లెండి,” అన్నాను.

ఆయన సరేనండి అని వెళ్ళిపోయాడు. పరక ముందే ఎందుకు తియ్యాలో నాకు తెలియదు. అడిగి ఉంటే రెండు మాటల్లో చెప్పేవాడు. కాని నా రేవు చదువు నాకొకటి నేర్పింది. బస్తా దిగాకే గీత గీయాలి. పని పూర్తికాకుండా గుర్తు చెరిపితే దొంగలెక్క అవుతుంది. పరక అంటే ఇంకా రాయాల్సిన పేజీ అని గుర్తు. రాయకముందే దాన్ని తీసేయమనడం బడి పిల్లలకు చెప్పే మాటలా తోచింది. ఆయన తప్పు ఒకటి దొరికిందని సంబరపడ్డాను కూడా. ఆయన చెప్పినట్టు కాకుండా నా పద్ధతిలో చేసి గెలవాలనుకున్నాను.

నా పద్ధతి ఇది. మధ్యాహ్నం ముసలాయన భోజనానికి ఇంటికి వెళ్ళి, ఒక కునుకు తీసి, మూడింటికి వచ్చేవాడు. ఆ మూడు గంటల్లో పేజీలు చిత్తుకాగితాల మీద ఎత్తుకునేవాణ్ణి. కొత్త పుస్తకం చెమ్మ తగలకుండా మా ఇంట్లో ఉంది. ఇంటికి వెళ్ళి దానిలో సాపు రాసేవాణ్ణి. మర్నాడు పొద్దున్నే పాకకి వచ్చి, సాపు రాయడం పూర్తయిన పేజీల పరకలు లాగేసేవాణ్ణి. ఏ రోజు ఏ పేజీలు ఎత్తానో నా చిన్న నోటుపుస్తకంలో అంకెలు వేసుకునేవాణ్ణి.

మొదటి విడత పదకొండు రోజులు. అది అయ్యేసరికి అరవై ఒక్క పేజీల్లో పరకలు. వాటికి మూడు రోజులు పట్టింది. ఆపైన పదిహేడు, ఒక రోజు. ఆపైన ఆరు. ఆ ఆరింటికీ ఒక ఉదయం గంటసేపు పుస్తకం మూయించాం. రైతులు గట్టు మీద చుట్టలు కాల్చుకుంటూ కూర్చున్నారు. గంట తిరిగేలోపు కొత్త పుస్తకం తెరిచాం. మేష్టారు చెప్పింది చెప్పినట్టు జరిగింది. ప్రెసిడెంటుగారు ఆయన భుజం తట్టారు. రాసిన చెయ్యి నాది. ఆ చేతికి సిరా ఇంకా ఆరలేదు.

మా వైపు అక్షరాలున్న పాత పుస్తకాన్ని చించరు, కాల్చరు, పొట్లాలకు వాడరు. పసుపు రాసి గోదావరిలో వదులుతారు. మేష్టారు ప్రెసిడెంటుగారితో, కోతలయ్యేదాకా పాతది ఉంచుదామండి, ఏదైనా తేడా వస్తే చూసుకోవచ్చు అన్నాడు. మంచి మాటే. ఆ మాట వేరే ఎవరన్నా అని ఉంటే నేనే వంతపాడేవాణ్ణి.

“సరస్వతిని ఎలకలకి ఒదిలేస్తారాండి? మేష్టారికి మన పద్ధతులు తెలీకపోవచ్చు,” అన్నాను.

అక్కడున్నవాళ్ళందరూ తలలు ఊపారు. మతం మాట ఎత్తితే ఆయన నోరు మెదపలేడని నాకు తెలుసు. తెలిసే ఎత్తాను. ఆయన మొహం ఎర్రబడింది. ఆ సాయంత్రమే పడవలో కొంతదూరం వెళ్ళి పుస్తకాన్ని నీళ్ళలో వదిలాం. బరువుకి వెంటనే మునిగింది. గెలిచాననిపించింది.

ఫరంపేట గదిలో కుర్చీ నాకిచ్చారు. ముసలాయన నది అవతల కూతురింటికి వెళ్ళిపోయాడు. నెలా పదిహేను రోజులు అన్నీ సవ్యంగా నడిచాయి. అప్పుడు అడవిపొలం శివారు నుంచి ఒకామె వచ్చింది. కౌలు రైతు. ఎకరం ఇరవై సెంట్లు. భర్త చేపల వేటకు వెళితే చేను పని ఆమే చూసుకునేది.

“నా ఏడు గంటలు నాకిప్పించండి. చేను పాలు పోసుకుంటుందండి. రేపో ఎల్లుండో తడి తగలాల,” అంది.

ఆమెది నూట నలభై మూడో పేజీ. తీశాను. బదులిచ్చినట్టు వరస లేదు. ఎవరికిచ్చావని అడిగాను. ప్రెసిడెంటుగారి పాలేరు వచ్చి, ఎగువన నాట్లు ఆగిపోయాయంటే ఆయన చేనుకి ఇచ్చానంది. పుస్తకం మార్చే ముందు వచ్చిన ఆదివారం, ప్రార్థన అయ్యాక సాయంత్రం పాకకి వచ్చి రాయించానంది.

“పుస్తకంలో లేదమ్మా,” అన్నాను.

“లేకపోడమేంటండి? తాతగారు రాస్తుంటే ఎదురుగుండా నిలబడ్డాను. నాకు సదవడం రాదు గానండి, కలం కదలడం సూడ్డం వచ్చు.”

ఆమెను కూర్చోమని చెప్పి, జేబులోంచి నా చిన్న నోటుపుస్తకం తీశాను. ఆ ఆదివారం మధ్యాహ్నం ఎత్తిన పేజీల్లో 143 ఉంది. అంతకుముందే ఏదో చిన్న మార్పుకి దానిలో పరక పడి ఉంది. మధ్యాహ్నం ఆ పేజీ ఎత్తుకున్నాను. పరక అలాగే ఉంచాను. సాయంత్రం ముసలాయన ఈమె ఏడు గంటలు రాశాడు. పరక ఎలాగూ ఉంది కదా అని ఇంకోటి పెట్టలేదు. సోమవారం పొద్దున నేను వచ్చి, రాయడం అయిపోయిన పేజీయే కదా అని ఆ పరక లాగేశాను. చదవకముందే తీసి ఉంటే, సాయంత్రం ఆయన కొత్త పరక పెట్టేవాడు. నేను ‘నాకు తెలుసు లెండి’ అని ఆపేసిన మాట ఇదీ.

అరనిమిషంలో ఇదంతా అర్థమైంది. నోటుపుస్తకం మూసి జేబులో పెట్టుకున్నాను.

వ్యవహారం ప్రెసిడెంటుగారి దాకా వెళ్ళింది. ఆయన చెడ్డవాడు కాదు. పుస్తకంలో ఉంటే నా వంతు కట్టేసైనా ఇస్తాను, పాలేరు ఎవరి దగ్గర ఏం పుచ్చుకున్నాడో నాకు తెలీదు, వాడు పని మానేసి పోయాడు అన్నారు. నోటిమాట మీద ఒకరికి ఇస్తే రేపు వందమంది వస్తారన్నారు. అదీ నిజమే. ముసలాయన దగ్గరికి మనిషిని పంపారు. రాశానంటే రాసే ఉంటాను, ఏ రోజు ఏం రాశానో గుర్తుండకే గదా పుస్తకంలో రాసేది అని ఆయన జవాబు పంపాడు. పాత పుస్తకం ఉంటే తేలిపోయేది.

మేష్టారిని పిలిపించారు. ఈసారి గదిలో కుర్చీ నాది, ఆయన నిలబడ్డాడు. పేజీ చూశాడు. ఆమె చెప్పిందంతా విన్నాడు. తరవాత నావైపు తిరిగి ఒకటే అడిగాడు.

“పరకలు ఎప్పుడు తీశారండి? చదవకముందా, రాశాకా?”

ఆమె గుమ్మంలో కూర్చుని నన్ను చూస్తోంది. ప్రెసిడెంటుగారు చూస్తున్నారు. నిజం చెబితే ఆమె చేనుకి మర్నాడే నీళ్ళు వెళతాయి, నా కుర్చీ పోతుంది. ఆ కుర్చీలో బహుశా ఈయన కూర్చుంటాడు. ఆ చివరిదే నేను ఒప్పుకోలేకపోయాను.

“మీరు చెప్పినట్టేనండి,” అన్నాను.

ఆయన పుస్తకం మూశాడు. “అయితే నా పద్ధతిలోనే ఎక్కడో తప్పుందండి. నాకు తెలియడం లేదు. నావల్లే జరిగింది,” అన్నాడు ప్రెసిడెంటుగారితో. ఆమె దగ్గరికి వెళ్ళి, క్షమించమ్మా అన్నాడు.

అప్పుడు కూడా నాకు జాలి కలగలేదు. అసూయే కలిగింది. తప్పు తనదని అంత తేలిగ్గా, చేతిలోని సంచీ కింద పెట్టినట్టు ఎలా అనగలిగాడు? చెయ్యని తప్పు ఒప్పుకున్నా ఆయన తల వంగలేదు. చేసిన తప్పు దాచుకుని నేను కుర్చీ అంచు పట్టుకుని కూర్చున్నాను. ఆయన ఆపైన కాలువ వైపు రాలేదు. రైతులు కొన్నాళ్ళు గడ్డిపరకల మేష్టారు అని నవ్వుకున్నారు. మరో రెండేళ్ళకి వేరే ఊరి బడికి వెళ్ళాడని విన్నాను.

ఆమె చేను ఎనిమిది రోజులు ఎండింది. వంతు వచ్చి నీళ్ళు పెట్టేసరికి గింజలు ఎండి ఊచపోయాయి. ఐదు బస్తాలు కౌలు కిందకే చాలలేదు.

తరవాతి దాళ్వా నుంచి నేనొక పని మొదలుపెట్టాను. ఆమె వంతు రాసేటప్పుడు పది నిమిషాలు, పావుగంట కలిపి రాసేవాణ్ణి. ఎగువ చేల వంతుల్లో తలా కాస్త తగ్గించేవాణ్ణి, ఎవరికీ తెలియకుండా. నాలుగేళ్ళలో రెండు గంటల నలభై నిమిషాలు చేరాయి. అయిదో ఏడు ఒకరోజు ఆమె గది గుమ్మం దగ్గర నిలబడింది.

“నా వంతు నాకు తెలుసండి. టైంపీసు లేకపోయినా నీడ సూసి సెప్పగలను. ఈ ఎక్కువ నీళ్ళు ఎవరియండి?”

పొరపాటున పడి ఉంటుందమ్మా అన్నాను.

“పొరపాటు ఏటా పడదు గదండి. ఆ మేష్టారు పాపం ఏదో పరక మరిసిపోయాడని ఆ ఏడు సరిపెట్టుకున్నాను. ఆయన నీళ్ళు దొంగిలించి ఇవ్వలేదు నాకు. మీరూ ఇవ్వకండి.”

ఆయన మరిచిపోలేదని చెప్పడానికి నోరు తెరిచాను. గదిలో ఇద్దరు రైతులు కూర్చుని ఉన్నారు. నోరు మూసుకున్నాను. ఆమె వెళ్ళిపోయింది. ఈ పదమూడేళ్ళలో నా బల్ల దగ్గరికి ఎన్నోసార్లు వచ్చింది. వంతు రాయించుకుని వెళుతుంది, అంతకు మించి మాట్లాడదు. నాకు సొంతంగా సెంటు భూమి లేదు. ఇవ్వడానికి వంతు లేదు. ఆ మేష్టారి పేరు ఎవరన్నా ఎత్తితే ఇప్పటికీ లోపల సన్నగా మండుతుంది. ఆ మంట ఎందుకు తగ్గలేదో చాలాసార్లు లెక్క వేసి చూశాను, తేలలేదు.

తేలిన లెక్క ఒకటే ఉంది. నేను కలిపి రాసిన రెండు గంటల నలభై నిమిషాలు ఇతరుల నీళ్ళు. అవి తీర్చిన కిందకి రావు, ఆమె కూడా వాటిని ఒప్పుకోలేదు. కాబట్టి వాటిని కొట్టేశాను. నూట నలభై మూడో పేజీకి ఈరోజు వరకు ఇవ్వవలసింది ఏడు గంటలు.